రోజూ మోసే బ్యాగులో ఏం పెట్టుకోవాలి, ఎలా సరిచూసుకోవాలి

"రోజూ బయటికి వెళ్లేటప్పుడు బ్యాగులో ఏమేం పెట్టుకోవాలి? ఒక లిస్టు రాసివ్వండి." ఈ మాట ఎవరో ఒకరు అడగకుండా నాకు నెల గడవదు. మొదట్లో నిజంగానే రాసిచ్చేదాన్ని. పాతిక వస్తువులుండేవి అందులో. పట్టుకెళ్లినవాళ్లు కొన్నాళ్లకు మళ్లీ వచ్చేవారు. బరువు మోయలేకపోతున్నామని కొందరు, అన్నీ ఉన్నా అవసరానికి ఏదీ అక్కరకు రాలేదని కొందరు.

ఆ రెండో బాధ నేనూ పడ్డాను. ఒక రాత్రి ప్రయాణంలో ఫోన్ చార్జింగ్ 3 శాతానికి పడిపోయింది. పవర్ బ్యాంకు ఉందన్న ధైర్యంతో బ్యాగు తెరిచాను. నాలుగు నెలలుగా దాన్ని మోస్తున్నాను గానీ ఒక్కసారి కూడా చార్జింగ్ పెట్టలేదు. నొక్కితే లైటు కూడా వెలగలేదు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు ఒక చోట, నేనొక చోట. గంటన్నర టెన్షన్ పడ్డాం. అప్పటి నుంచి ఏ వస్తువునైనా "ఇప్పుడు తీస్తే పనిచేస్తుందా" అని చూసుకున్నాకే బ్యాగులో పెడుతున్నాను. కింద రాసిన పది దశల పద్ధతి అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

దీనికి సెలవు రోజున ఓ గంట, ఆ తర్వాత రెండు వారాల పాటు రోజుకు ఒక నిమిషం కేటాయించండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇప్పుడు మీరు వాడుతున్న బ్యాగు. కొత్తది ఇప్పుడే కొనకండి. ఏం మోయాలో తేలకముందే కొంటే అందులో ఎంత చోటుంటే అంతా నింపేస్తాం.
- నేల మీద పరుచుకోవడానికి పాత దుప్పటి.
- జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా సరే.
- మనిషి బరువు చూసే మెషీన్.
- జిప్ ఉన్న చిన్న పౌచ్‌లు మూడు, వేర్వేరు రంగులవి. అవి లేకపోతే గట్టి జిప్‌లాక్ కవర్లు.
- చెరగని మార్కర్ పెన్ను, తడిగుడ్డ, ఒక కొవ్వొత్తి ముక్క.

1. బ్యాగు మొత్తం దులిపేయండి

దుప్పటి మీద బ్యాగును తలకిందులుగా పట్టుకుని దులపండి. తర్వాత ప్రతి అరలోనూ చెయ్యి పెట్టి చూడండి. వీపు వైపు ఉండే సన్నటి అరనూ, లోపలి జిప్ అరనూ చాలామంది మర్చిపోతారు. పోయాయనుకున్న తాళంచెవులు ఎక్కువగా దొరికేది అక్కడే.

పడిన వాటిని మూడు కుప్పలు చేయండి. గత వారంలో వాడినవి ఒకటి. నెలలో ఒక్కసారైనా వాడినవి రెండోది. ఉన్నాయని కూడా గుర్తులేనివి మూడోది. మూడో కుప్పను ఇప్పుడే పక్కన పెట్టేయండి. "ఎప్పుడైనా పనికొస్తుందేమో" అని చెయ్యి ఆగితే ఒక డబ్బాలో వేసి ఇంట్లోనే ఉంచండి, నెల తర్వాత చూద్దాం. మందులను మాత్రం ఈ లెక్కలో కలపకండి. వాటి సంగతి నాలుగో దశలో వస్తుంది.

ఖాళీ బ్యాగును లోపలంతా తడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. చెమ్మ ఉండగానే సర్దితే రెండు మూడు రోజుల్లో బూజు వాసన మొదలవుతుంది. ఆ వాసనను వదిలించడం కష్టం. ఆరేలోపు పట్టీలు బ్యాగుకు కలిసే చోట కుట్లు గట్టిగా లాగి చూడండి. బ్యాగులు ముందు తెగేది అక్కడే. జిప్ బిగుసుకుంటుంటే దాని పళ్ల మీద కొవ్వొత్తి రుద్ది నాలుగైదు సార్లు అటూ ఇటూ లాగండి. ఆరాక మొదటి రెండు కుప్పలనూ మళ్లీ బ్యాగులో వేయండి.

2. రెండు వారాలు చీటీ రాయండి

అందరూ దాటేసే దశ ఇది. దయచేసి దాటేయకండి. మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంది.

నోటుబుక్కులో రెండు గడులు గీయండి. ఒకదానిలో "వెతికాను, లేదు" అని రాయండి, రెండోదానిలో "తీశాను, వాడాను" అని. బయట ఉన్నప్పుడు ఏదైనా వస్తువు కోసం చెయ్యి బ్యాగులోకి వెళ్లిన ప్రతిసారీ ఒక గడిలో దాని పేరు రాయండి. పక్కవాళ్లను పెన్ను అడిగి తీసుకున్నా, బయట నీళ్ల సీసా కొన్నా, తలనొప్పితోనే ఇంటిదాకా వచ్చినా అవన్నీ మొదటి గడిలోకే వెళ్తాయి.

గుర్తు మీద ఆధారపడి లిస్టు వేసుకుంటే ఏం జరుగుతుందో చెప్తాను. ఎప్పుడో ఒకసారి వానలో తడిసి ముద్దయిన రోజు అందరికీ బాగా గుర్తుంటుంది. రోజూ పెన్ను కోసం వెతుక్కున్నది మాత్రం గుర్తుండదు. దాంతో గొడుగు ఏడాదంతా బ్యాగులో ఉంటుంది, పెన్ను ఒక్కరోజూ ఉండదు.

14 రోజులు అయ్యాక ఇలా తేల్చండి:

- రెండుసార్లు, అంతకన్నా ఎక్కువ వెతికిన వస్తువు బ్యాగులోకి వస్తుంది.
- ఒక్కసారే వెతికినదైతే, అది లేకపోవడం వల్ల ఏమైందో చూడండి. కాస్త చిరాకు తప్ప ఏమీ కాకపోతే వదిలేయండి. ఒంటికి ఇబ్బందో, ఇంటికి చేరడం కష్టమో అయితే పెట్టండి.
- ఒక్కసారీ తీయని వస్తువు బయటికి పోతుంది. ప్రాణానికి సంబంధించిన మందులు, పరికరాలు మాత్రం తీయకపోయినా ఉంటాయి.

రెండు వారాలు ఆగే వీలు లేదా? గత ఐదు రోజులను ఒక్కొక్కటిగా, ఉదయం తలుపు వేసిన దగ్గర నుంచి రాత్రి తలుపు తీసేదాకా గుర్తు చేసుకుంటూ రాయండి. చీటీ అంత కచ్చితంగా రాదు గానీ ఊహించి వేసే లిస్టు కన్నా చాలా నయం.

3. బ్యాగులో పెట్టకూడనివి ముందు తేల్చండి

ఫోన్, కొంత నగదు, ఒక కార్డు, ఇంటి తాళంచెవి. ఈ నాలుగూ వీలైనంత వరకు ఒంటి మీదే ఉండాలని నా అభిప్రాయం. బ్యాగు ఎక్కడైనా మర్చిపోయినా, ఎవరైనా లాక్కెళ్లినా మీరు ఇంటికి చేరాలి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లాలి. బట్టలకు జేబులు లేకపోతే నడుముకు కట్టుకునే సన్నటి పౌచ్‌గానీ మెడలో వేసుకునేదిగానీ వాడండి. మిగతా కార్డులు, అదనపు నగదు బ్యాగులో ఉండొచ్చు. మొత్తానికి అన్నీ ఒకే చోట ఉండకూడదు.

హెచ్చరిక: ఇంటి చిరునామా, ఇంటి తాళంచెవి ఒకే బ్యాగులో ఎప్పుడూ పెట్టకండి. దొరికినవాళ్లు తెచ్చివ్వాలని చిరునామా రాసిపెడతారు చాలామంది. దాని బదులు ఇంట్లోవాళ్లదో, నమ్మకమైన స్నేహితులదో ఫోన్ నంబరు మాత్రం రాయండి. మీ నంబరే రాస్తే ఫోన్ కూడా బ్యాగుతో పాటు పోయిన రోజున ఎత్తేవాళ్లుండరు. కార్డు పిన్ నంబరు ఏ రూపంలోనూ, తిప్పి రాసి అయినా సరే, బ్యాగులో ఉండకూడదు.

4. మందులు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. బ్యాగులో ఎక్కువగా పాడయ్యేవీ, పాడైన సంగతి బయటికి కనబడనివీ ఇవే.

రోజూ వేసుకునే మందులుంటే ఆ రోజువి కాక ఇంకో రోజుకు సరిపడా అదనంగా ఉంచండి. ఇంటికి చేరడం ఆలస్యమైతే ఆదుకునేవి అవే. అంతకన్నా ఎక్కువ వద్దు. పది రోజుల మందులు బ్యాగులో పెట్టుకుని, బ్యాగు పోతే పదీ పోతాయి.

మాత్రలను స్ట్రిప్‌లోంచి తీసి చిన్న డబ్బాలో కలిపి వేయకండి. రెండు నెలల తర్వాత ఏ తెల్లమాత్ర ఏదో మీకే తెలియదు. స్ట్రిప్‌గానే ఉంచండి. స్ట్రిప్‌ను కత్తిరించేటప్పుడూ, మాత్ర తీసేటప్పుడూ ఒక జాగ్రత్త ఉంది. ఎక్స్‌పైరీ తేదీ చాలా స్ట్రిప్‌ల మీద ఒక చివరే అచ్చు వేసి ఉంటుంది. కాబట్టి రెండో చివర నుంచి వాడుతూ రండి. ఆఖరి మాత్ర దాకా పేరూ తేదీ మిగులుతాయి. అప్పటికే తేదీ ఉన్న ముక్క పోయి ఉంటే ఆ మాత్రలను పారేయండి.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలు వాడేవాళ్లు వాటిని కొన్నప్పటి గాజు సీసాలోనే ఉంచాలి. వేడి, వెలుతురు, చెమ్మ తగిలితే వాటి శక్తి తగ్గిపోతుంది. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చితే చూడటానికి మాత్ర మాత్రలాగే ఉంటుంది గానీ అవసరానికి పనిచేయకపోవచ్చు.

డయాబెటిస్‌కు మందులు వాడుతూ షుగర్ పడిపోయే అవకాశం ఉన్నవాళ్ల దగ్గర వెంటనే ఒంటికి పట్టే చక్కెర 15 గ్రాములు ఎప్పుడూ ఉండాలి. గ్లూకోజ్ బిళ్లలు సాధారణంగా ఒక్కోటి 4 గ్రాములుంటాయి కాబట్టి నాలుగు వేసుకుంటే సరిపోతాయి. 15 నిమిషాలు ఆగి షుగర్ చూసుకుని, ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ అంతే తీసుకోవాలి. అందుకే ఎనిమిది బిళ్లలు ఉంచమంటాను. చాక్లెట్ దీనికి సరైనది కాదు. అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. మీ డాక్టరు వేరేలా చెప్పి ఉంటే ఆ మాటే పాటించండి.

ఇన్‌హేలర్, అలర్జీ ఇంజెక్షన్ పెన్ లాంటివి బ్యాగు అడుగుకు పోకూడదు. అన్నిటికన్నా పైన, ఒకే అరలో, ప్రతిరోజూ అదే అరలో ఉండాలి. ఇన్‌హేలర్‌కు అంకెల మీటరు ఉంటే ఎన్ని మిగిలాయో వారానికోసారి చూడండి. మూత గట్టిగా పెట్టండి. మూత ఊడితే బ్యాగులోని దుమ్ము, చిన్న ముక్కలు గొట్టంలోకి చేరి పీల్చినప్పుడు గొంతులోకి పోతాయి.

మామూలు నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు చాలు. వేసుకునే ముందు, మీరు అప్పటికే వాడుతున్న జలుబు మాత్రలో కూడా అదే మందు ఉందేమో స్ట్రిప్ వెనక చదవండి. తెలియకుండా రెట్టింపు మోతాదు పడేది ఇలాగే.

వీటన్నిటితో పాటు ఒక చిన్న కాగితం పెట్టండి. రోజూ వాడే మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు రాయండి. చాలామంది బ్లడ్ గ్రూపు ఒక్కటే రాస్తారు. రాసినా ఆసుపత్రిలో రక్తం ఎక్కించే ముందు మళ్లీ పరీక్ష చేస్తారు. పడని మందు పేరు మాత్రం మీరు చెప్తేనే వాళ్లకు తెలుస్తుంది. ఇదే వివరాన్ని ఫోన్‌లోని ఎమర్జెన్సీ సమాచారంలోనూ నింపండి. నింపాక ఫోన్ లాక్ చేసి, లాక్ తెరవకుండానే ఎమర్జెన్సీ బటన్ నొక్కి అది కనబడుతోందో లేదో చూడండి. కనబడకపోతే సెట్టింగ్‌లో లాక్ స్క్రీన్ మీద చూపించే ఆప్షన్ ఆన్ చేయాలి.

హెచ్చరిక: మందులున్న బ్యాగును ఎండలో నిలిపిన కారులో వదలకండి. పవర్ బ్యాంకుకూ ఇదే వర్తిస్తుంది.

5. ఫోన్ చార్జింగ్

చీటీలో చార్జింగ్ కోసం వెతికిన రోజులు లేకపోతే పవర్ బ్యాంకు అవసరమే లేదు. పని చోట ప్లగ్ ఉన్నవాళ్లకు ఒక పొట్టి కేబుల్, చిన్న చార్జర్ చాలు. బరువు బాగా తగ్గుతుంది.

కావాలి అనుకుంటే 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) రోజువారీకి బోలెడు. దాని మీదున్న అంకెను చూసి 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌ను రెండుసార్లు నింపుతుందనుకుంటారు. అలా జరగదు. బిందెలోంచి చెంబులోకి వంచేటప్పుడు కొంత ఒలికినట్టు, వోల్టేజి మారేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. ఒకసారి పూర్తిగా నిండి, రెండోసారి కొంత నిండితే అది మంచి పవర్ బ్యాంకే. వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ (నిజంగా బయటికి ఇచ్చేది) అని 6,000కు అటూ ఇటూగా ఇంకో అంకె ఉంటుంది. లెక్కకు దాన్నే తీసుకోండి.

సరిచూసుకునే పద్ధతి: ఫోన్ 20 శాతం దగ్గర ఉన్నప్పుడు, మీరు బ్యాగులో పెట్టబోయే కేబుల్‌తోనే పవర్ బ్యాంకుకు కలపండి. అరగంట తర్వాత ఎంత శాతం పెరిగిందో చీటీ మీద రాసుకోండి. మరుసటి నెల మళ్లీ చూడండి. బాగా తగ్గితే తప్పు ఎక్కువగా కేబుల్‌దే ఉంటుంది. ఇంకో కేబుల్‌తో చూసి, అప్పుడే పవర్ బ్యాంకు గురించి ఆలోచించండి. ఫోన్ చార్జింగ్ రంధ్రంలో బట్టల పీచు పేరుకున్నా ఇలాగే అవుతుంది. ఫోన్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు, సూది వాడొద్దు.

వాడినా వాడకపోయినా పవర్ బ్యాంకును నెలకోసారి నింపండి. ఉబ్బినట్టు కనిపించినా, చార్జింగ్‌లో పట్టుకోలేనంత వేడెక్కినా ఆ రోజే వాడటం మానేయండి. దాన్ని పొడవకండి, మామూలు చెత్తలో వేయకండి. పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. విమానంలో వెళ్లేటప్పుడు పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. 100 వాట్-అవర్ల లోపువాటికి మామూలుగా ముందస్తు అనుమతి అక్కర్లేదు. 10,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 37 వాట్-అవర్లే.

6. మిగతావి, త్వరగా

నీళ్లు: అర లీటరు నీళ్లంటే అర కిలో, దానికి సీసా బరువు అదనం. దారిలో మళ్లీ నింపుకునే వీలుంటే సగం నింపిన సీసాతో బయల్దేరండి. సీసా నిలువుగా, వీలైతే బయటి అరలో పెట్టండి.

గొడుగు: మడిచేది చాలు. తడిశాక పెట్టడానికి ఒక ప్లాస్టిక్ కవరు దానికే చుట్టి ఉంచండి. ఇంటికి రాగానే విప్పి ఆరేయాలి.

తినడానికి: కరగనిది, పొడి రాలనిది, విడిగా ప్యాక్ చేసినది ఒక్కటి. వారానికోసారి తినేసి మార్చండి.

శుభ్రతకు: చేతిరుమాలు ఒకటి, చిన్న టిష్యూ ప్యాకెట్. హ్యాండ్ శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకుండా ఉందో లేదో సీసా మీద చదవండి. చేతులకు మట్టి, జిడ్డు కనబడేలా ఉంటే అది సరిగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. నెలసరి వచ్చేవాళ్లు రెండు ప్యాడ్‌లను, ఒక ముదురు రంగు కవరుతో సహా ఎప్పుడూ ఉంచుకోండి. చీటీలో రాకపోయినా సరే.

కళ్లజోడు లేకుండా నడవలేనివాళ్లు పాత జోడు ఒకటి గట్టి పెట్టెలో పెట్టుకోవాలి. పవర్ కాస్త మారినా ఇంటికి చేరడానికి సరిపోతుంది.

పెన్ను: క్యాప్ ఉన్నదో, నొక్కితే లోపలికి పోయేదో ఏదైనా సరే, బాల్ పెన్ను తీసుకోండి. జెల్ పెన్నులు, ఇంకు పెన్నులు వేడికి కారడం నేను చాలాసార్లు చూశాను.

7. చిన్న పౌచ్‌ ఒకటి

అరచేతిలో పట్టేంత పౌచ్. అందులో పిన్నీసులు నాలుగు, సూదికి ముందే ఎక్కించిన దారం, ఒక గుండీ, రెండు రబ్బరు బ్యాండ్లు, బ్యాండ్ ఎయిడ్‌లు నాలుగు, పెన్ను చుట్టూ చుట్టిన అర మీటరు గట్టి టేపు. ఇంత చిన్నది నన్ను ఆదుకున్నన్ని సార్లు ఏ ఖరీదైన వస్తువూ ఆదుకోలేదు. చెప్పు పట్టీ తెగినా, బ్యాగు జిప్ ఊడినా, పుస్తకం అట్ట చిరిగినా చెయ్యి దీని మీదికే పోతుంది.

చాకు, కత్తెర పెట్టాలా అని అడుగుతారు. మీరు రోజూ భద్రతా తనిఖీ ఉన్న భవనాల్లోకి వెళ్తుంటే వద్దు. ఒకరోజు గుమ్మం దగ్గర వదిలేయాల్సి వస్తుంది. వేరే చోట్లయినా చాకు వెంట ఉంచుకోవడంపై అక్కడి చట్టం ఏమంటుందో కనుక్కున్నాకే పెట్టుకోండి.

బ్యాండ్ ఎయిడ్ జిగురు ఆరిపోతుంది. ఆరు నెలలకోసారి ఒకటి విప్పి చేతి మీద అంటించి చూడండి. గంట లోపే లేచిపోతే మిగతావీ మార్చేయండి.

8. సర్దడం

ఒక్కటే నియమం: ప్రతి వస్తువుకూ ఒక చోటు, రోజూ అదే చోటు. మందులు ఒక రంగు పౌచ్‌లో, చార్జింగ్ సామాను ఇంకో రంగు పౌచ్‌లో. తొందరలో కళ్లు అక్షరాల కన్నా రంగును ముందు పట్టుకుంటాయి. బ్యాగు మార్చేవాళ్లకు ఇంకో సుఖం ఉంది: పౌచ్‌లు తీసి కొత్త బ్యాగులో వేస్తే చాలు, వాటిలోది ఏదీ పాత బ్యాగులో ఉండిపోదు.

బరువైనవి వీపుకు ఆనుకునేలా, మధ్య ఎత్తులో ఉండాలి. బయటి వైపు బరువుంటే అది వెనక్కి లాగుతుంది, మీరు ముందుకు వంగుతారు. ద్రవాలన్నీ జిప్‌లాక్ కవర్లోకి, నిలువుగా. ఫోన్ బ్యాగులో పెట్టాల్సి వస్తే ఆ అరలో తాళంచెవులు వద్దు, గీతలు పడతాయి. విడి బ్యాటరీలు, బటన్ సెల్స్ ఉంటే నాణేలు, తాళంచెవులకు తగలకుండా వాటి పెట్టెలోనే ఉంచండి. లోహం తగిలి షార్ట్ అయితే వేడెక్కుతాయి.

9. తూచండి

బ్యాగును మెషీన్ మీద నేరుగా పెడితే చిన్న బరువులను చాలా మెషీన్లు సరిగా చూపించవు. ముందు మీరొక్కరే నిలబడి చూసుకోండి. తర్వాత బ్యాగు వేసుకుని చూడండి. తేడా అసలు బరువు.

రెండు భుజాల బ్యాగుకు మీ బరువులో పదో వంతు పై హద్దుగా పెట్టుకోండి. 60 కిలోల మనిషికి 6 కిలోలు. ఒక భుజానికి వేసుకునే దానికి నేను అందులో సగమే ఒప్పుకుంటాను. ల్యాప్‌టాప్, పుస్తకాలు ఉన్న రోజు కూడా ఈ లెక్క దాటకూడదు. అంటే మామూలు రోజు ఇంకా తేలిగ్గా ఉండాలి.

మెషీన్ అంకె బాగానే ఉన్నా ఇరవై నిమిషాలు నడిచి చూడండి. చెయ్యి దానంతటదే పట్టీ కిందికి పోయి బరువు లేపుతుంటే, భుజం మీద ఎర్రగా చార పడితే, చేతివేళ్లు తిమ్మిరెక్కుతుంటే ఇంకా తగ్గించాలి. పట్టీలు వదులై బ్యాగు నడుము కిందికి వేలాడుతుందేమో కూడా చూడండి. కొన్నిసార్లు ఏమీ తీయకుండా పట్టీలు బిగిస్తే చాలు.

దేన్ని తీయాలో తేలకపోతే ముందు ఖాళీ బ్యాగునే తూచండి. దళసరి తోలు బ్యాగులు ఖాళీగానే ఒకటిన్నర కిలో ఉండటం చూశాను. కొత్త బ్యాగు కొనాలంటే కారణం ఇది అయి ఉండాలి. అప్పుడు మీ వస్తువులను పట్టుకెళ్లి, అందులో పెట్టి చూసి కొనండి.

10. పరీక్ష పెట్టండి

సర్దిన వెంటనే మొదటి మూడూ చేయండి, నాలుగోది బ్యాగు ఖాళీ చేసి.

చీకటి పరీక్ష: కళ్లు మూసుకుని మందుల పౌచ్, పెన్ను, కేబుల్ ఒక్కొక్కటి పది సెకన్లలో తీయండి. తీయలేనిది చోటు మారాలి.

ఒంటి చేతి పరీక్ష: ఒక చెయ్యి పైకెత్తి కడ్డీ పట్టుకున్నట్టు నిలబడి రెండో చేత్తో చేతిరుమాలు తీసి మళ్లీ జిప్ వేయండి. జనం మధ్య నిలబడినప్పుడు మీకుండేది ఆ ఒక్క చెయ్యే.

తలకిందుల పరీక్ష: అన్నీ మూసి, బ్యాగును దుప్పటి మీద పావుగంట తలకిందులుగా ఉంచండి. ల్యాప్‌టాప్, కాగితాలు తీసేసి చేయాలి సుమా. కారేది ఏదో అప్పుడే తెలిసిపోతుంది.

నీటి పరీక్ష: ఖాళీ బ్యాగులో ఒక పొడి కాగితం పెట్టి, పైన చెంబెడు నీళ్లు పోయండి. కాగితం తడిస్తే బ్యాగు వానకు ఆగదు. కవరు కొనొచ్చు, లేదా లోపల ఒక గట్టి ప్లాస్టిక్ సంచి పరిచి అందులో సర్దుకోవచ్చు. రెండోదానికి ఖర్చు లేదు, పనితీరులో తేడా కూడా పెద్దగా లేదు.

తరచూ జరిగే పొరపాట్లు

*ఇంకొకరి లిస్టును తెచ్చుకోవడం.* పసిపిల్లలున్న తల్లికీ, రోజంతా బైక్ మీద తిరిగేవాళ్లకీ, ఒకే గదిలో పనిచేసేవాళ్లకీ ఒకే బ్యాగు కుదరదు. నా ఆరు, ఏడు దశల్లోనివి కూడా, ప్యాడ్‌లు, పాత కళ్లజోడు తప్ప, మీ చీటీలో రాకపోతే తీసేయండి.

*ఒకదానికి రెండు పెట్టడం.* రెండు కేబుళ్లు, మూడు పెన్నులు, రెండు లిప్‌బామ్‌లు. మొదటిది దొరక్క రెండోది చేరుతుంది. చోటు స్థిరంగా ఉంటే ఈ బాధ ఉండదు.

*వాడేశాక నింపకపోవడం.* ఆఖరి టిష్యూ, ఆఖరి మాత్ర తీసిన రోజే ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. ఖాళీ ప్యాకెట్ బ్యాగులో ఉంటే ఉన్నట్టే అనిపిస్తుంది.

*రశీదులు, కాగితాలు.* వారం చివర చూస్తే గుప్పెడు ఉంటాయి. కొన్నిటి మీద మీ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. చించి పారేయండి.

*అందరి అవసరాలూ ఒక్కరే మోయడం.* ఇంట్లో నలుగురు కలిసి బయల్దేరితే నలుగురి నీళ్లూ, మందులూ, చార్జర్లూ ఒకే భుజం మీదికి చేరతాయి, ఎక్కువగా అమ్మ భుజం మీదికి. పదేళ్లు దాటిన పిల్లలు తమ నీళ్లు, తమ రుమాలు తామే మోయగలరు. సర్దేటప్పుడే పంచేయండి.

బ్యాగు పోయినా నష్టం తగ్గాలంటే

సర్దడం అయ్యాక వస్తువులన్నీ దుప్పటి మీద పరిచి ఒక ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. ఏం పోయిందో చెప్పాల్సి వస్తే గుర్తు చేసుకునే పని ఉండదు. గుర్తింపు కార్డులు అసలువి అన్నీ మోయకండి. ఆ రోజుకు అవసరమైనది ఒక్కటి చాలు. ఫోన్‌లో *#06# డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌ను విడిగా గుర్తించేది) వస్తుంది. దాన్ని, కార్డులు బ్లాక్ చేయించే ఫోన్ నంబర్లను ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. ఇంట్లోవాళ్ల నంబర్లలో కనీసం రెండు కంఠతా వచ్చి ఉండాలి. ఇవాళ ఎవరినైనా అడిగి చూడండి, ఒక్కటి కూడా చెప్పలేనివాళ్లు చాలామంది ఉంటారు.

మళ్లీ ఎప్పుడు చూడాలి

వారానికోసారి ఐదు నిమిషాలు: కాగితాలు తీయడం, టిష్యూలు నింపడం, తినేది మార్చడం, సీసా బాగా కడగడం. నెలకోసారి: పవర్ బ్యాంకు నింపడం, కేబుల్ పరీక్ష, మందుల తేదీలు. తేదీ దగ్గరపడుతున్న మందును బ్యాగులోంచి తీసి ఇంట్లో ముందు వాడేసి, కొత్తది బ్యాగులో పెట్టండి. మందుల పౌచ్ లోపలి వైపు మార్కర్‌తో అన్నిటికన్నా ముందు వచ్చే ఎక్స్‌పైరీ నెల రాసి ఉంచితే ప్రతి స్ట్రిప్ తిప్పి చూసే పని తప్పుతుంది.

కాలం మారినప్పుడల్లా గొడుగు, టోపీ, సన్‌స్క్రీన్ లాంటివి లోపలికో బయటికో మారతాయి. మొదటి దశలో డబ్బాలో వేసి పక్కన పెట్టిన మూడో కుప్పను నెల తర్వాత తెరవండి. ఈ మధ్యలో వాటిలో దేనికోసమైనా ఒక్కసారి వెతికారా? వెతికితే అది బ్యాగులోకి వస్తుంది. మిగతావి ఎవరికైనా ఇచ్చేయండి.